యోహాను మిస్త్రీ చెప్పిన రేపు

మొన్న మా వీధి చివరి గిర్నిలో జొన్నలు పిండి పట్టించుకొని వచ్చాను. ఇంటికొచ్చి డబ్బా మూత తీయగానే వేడి ఆవిరి ముఖానికి తగిలింది. అందులో జొన్నపిండి కమ్మదనంతో పాటు ఇంకో వాసన కూడా ఉంది. ఒరుసుకొని ఒరుసుకొని మాడిన, మిషను తిప్పే పట్టా వాసన. గిర్నివాడు పట్టా మార్చక ఎన్నాళ్లయిందో. పిండిలో పెట్టిన చెయ్యి అట్లాగే ఉండిపోయింది. కామారెడ్డిలో ఎండ మండిపోతున్న ఆ మధ్యాహ్నం నాకు చలి పుట్టింది. యోహాను మిస్త్రీ గుర్తుకు వచ్చాడు. ఆయన గుర్తుకు రావాలని నేనెప్పుడూ కోరుకోను. ఆయనే వస్తాడు.

ఆయనను మీరెవరూ చూసి ఉండరు. పొట్టి మనిషి, అప్పటికి నలభై దాటి ఉంటాయి. ఎడమ కనుబొమ్మ సగం కాలిపోయి అక్కడ వెంట్రుక మొలిచేది కాదు. మెదక్ దిక్కు పల్లెలో క్రైస్తవుల ఇంట పుట్టి, సికింద్రాబాద్ వెళ్లి రైలు కార్ఖానాలో పని నేర్చుకున్నాడు. మాట్లాడేటప్పుడు ఎదుటి మనిషిని చూసేవాడు కాదు, ఆ మనిషి వెనక దూరంగా ఏదో వస్తున్నట్టు అటే చూసేవాడు. మొదట్లో నేను తిరిగి చూసేదాన్ని, నిజంగానే ఎవరైనా వస్తున్నారేమోనని.

అప్పుడు నాకు ఇరవై రెండేళ్లు. పెండ్లయిన మూడో ఏడే చలిజ్వరం నా మనిషిని తీసుకుపోయింది. తల్లిగారింటికి పోకుండా ఎల్లారెడ్డిలో అత్త రాజవ్వ దగ్గరే ఉండిపోయాను. వడ్లు దంచి బతికేవాళ్లం. పోచారం చెరువు కింద, నాగిరెడ్డిపేట దిక్కున పండిన వడ్లు బండ్ల మీద ఊళ్లో వడ్ల వ్యాపారం చేసే సేటు వాకిట్లోకి వచ్చేవి. పన్నెండుగురం ఆడవాళ్లం, ఆరు రోళ్లు. ఒక్కో రోటికి ఇద్దరం ఎదురుబొదురుగా నిలబడి ఒకరి తర్వాత ఒకరం రోకలి వేసేవాళ్లం. మా అందరికీ పెద్ద మా అత్తే. కూలి కింద నూకలూ తవుడూ ఇచ్చేవారు. వాటితోనే ఇల్లు గడిచేది. నా రోటికి జోడు బాలవ్వ. నా ఈడుదే. నేను అలిసిపోతే నా వంతు రోకటి పోటు కూడా తానే వేసి, ఏమీ ఎరుగనట్టు నవ్వేది.

వడ్లు పట్టే గిర్నికి ఇంజన్ వస్తోందని సేటు గుమాస్తా చెప్పిన రోజు మా అత్త రోకలి దించి, కొంగుతో ముఖం తుడుచుకొని, మళ్లీ ఎత్తింది. వారం తర్వాత కామారెడ్డి స్టేషన్లో గూడ్సు బండి నుంచి దించిన ఇంజన్‌ను ఎడ్లబండ్ల మీద ఎల్లారెడ్డికి తెచ్చారు. దారిలో వాగు దగ్గర చక్రాలు కూరుకుపోయి మూడు రోజులు పట్టిందట. ఊరంతా చూడ్డానికి వచ్చింది. బండి పక్కన ఒక మనిషి మోకాళ్ల దాకా బురదతో నడుస్తున్నాడు. నొప్పులు పడుతున్న బిడ్డను పురిటికి తీసుకుపోయే తండ్రిలాగా ఒక చెయ్యి ఇంజన్ మీదే వేసి ఉంచాడు. ఆయనే యోహాను మిస్త్రీ.

మరునాడు మేము పన్నెండుగురం సేటు వాకిలి ముందు కూర్చున్నాం. పని ఆపేశాం. సేటు బయటికి రాలేదు, మిస్త్రీ వచ్చాడు. నిలబడి మాట్లాడతాడనుకున్నాం, మాతోపాటు నేల మీద కూర్చున్నాడు.

"మీ అరచేతులు చూపుండ్రి," అన్నాడు.

ఎవరూ చూపలేదు. నేను చూపించాను. బొబ్బల మీద బొబ్బలు లేచి, ఎండి, తోలులాగా అయిన చేతులు. ఆయన వాటిని చాలాసేపు చూశాడు.

"చెల్లే, నీ మనుమరాలికి గీ బొబ్బలు ఎట్లుంటయో తెల్వది. చెప్తె గూడ నమ్మది. గందుకే వస్తున్నది మిషను. మీ పొట్ట కొట్టనీకె కాదు. మీరు దినమంత దంచేది అది జాములనే పడ్తది. వడ్లు ఇంక ఎక్కువ వస్తయి. ఎండబోసుడు, చెరుగుడు, ఊక ఎత్తుడు, గీ పనులన్ని ఎవరు చేస్తరు? మీరే. పన్నెండు మందికి గిర్నిలనే పని."

మా అత్త అడిగింది: "గీ మాట సేటు చెప్పిండా, నువ్వు చెప్తున్నవా?"

"సేటు మాటేంది, నా మాటేంది అవ్వా. రెండొక్కటే."

అత్త లేవబోయింది. అప్పుడు నేను నోరు తెరిచాను. ఆ మాట నేనే అన్నాను, ఇంకెవరి మీదా పెట్టలేను. "గాయన అబద్ధం చెప్పేటోని లెక్క లేడు. నేను పూచీ," అన్నాను. బాలవ్వ నా పక్కకు చేరింది. ఒక్కొక్కరే లేచి పనిలోకి పోయారు. మా అత్త చివరికి లేచింది.

గిర్ని కొట్టం కట్టడానికి నాలుగైదు నెలలు పట్టింది. నా బతుకులో నేను ఎక్కువగా నవ్విన నెలలు అవే. మధ్యాహ్నం దంపు ఆపి అంబలి తాగే వేళ మిస్త్రీ కొట్టం గోడ నీడలో కూర్చొని రేపు గురించి చెప్పేవాడు. రేపు అంటే తెల్లవారితే వచ్చే రేపు కాదు. ప్రతి ఇంట్లో నూనె పోయని దీపం వెలుగుతుందన్నాడు. ఎద్దు లేకుండా దున్నుతారన్నాడు. హైదరాబాదులో మనిషి మాట్లాడితే ఎల్లారెడ్డిలో వినపడుతుంది, ముఖం కూడా కనపడుతుందన్నాడు. బాలవ్వ కిసుక్కున నవ్వి, "అయితే గా మనిషి తానం చేసినప్పుడు గూడ అవుపడ్తడా మిస్త్రీ?" అంది. ఆయన చెవులు ఎర్రబడ్డాయి.

ఒకనాడు సేటు ఇంటికి రేడియో వచ్చింది. మిస్త్రీ వెదురు బొంగుకు తీగ కట్టి, బ్యాటరీ పెట్టి దాన్ని మాట్లాడించాడు. మమ్మల్నందర్నీ అరుగు కిందికి పిలిచి నిలబెట్టాడు. పెట్టెలోంచి ఎవరో ఉర్దూలో గంభీరంగా మాట్లాడుతున్నారు. మాలో ఎవరికీ అర్థం కాలేదు, అయినా ఊపిరి బిగబట్టి విన్నాం. మా అత్త చాలాసేపు విని, "ఏం మిస్త్రీ, గిది చెప్తున్నది బాగనే ఉన్నది. మనం అన్నది గూడ ఇంటదా?" అని అడిగింది.

"వినది అవ్వా. చెప్పుడే."

"అయితే గిది గూడ దొర లెక్కనే," అంది అత్త. అందరం కడుపు పట్టుకొని నవ్వాం. మిస్త్రీ కూడా నవ్వాడు. ఇప్పుడు ఆలోచిస్తే, ఆ మాట ఆయన సరిగ్గా వినలేదనిపిస్తుంది. నవ్వేశాడంతే.

నాకు అక్షరాలు వచ్చింది ఆ గోడ నీడలోనే. "సదువు రానోళ్లు రేపటి దునియాల గుడ్డోళ్ల లెక్క," అని బొగ్గుముక్కతో గోడ మీద అ, ఆ లు రాసేవాడు. మొదట నలుగురం కూర్చున్నాం. ఒక్కొక్కరూ మానేసి చివరికి నేనొక్కదాన్నే మిగిలాను. విధవ ముండకు చదువెందుకని ఊళ్లో అన్నారు. మా అత్త మాత్రం అనలేదు. నేను నేల మీద పుల్లతో రాసుకుంటుంటే దీపం నా దిక్కు జరిపేది. 'లక్ష్మి' అని నా పేరు రాయడానికి చాలా తంటాలు పడ్డాను. 'క్ష' కింద 'మ' తోక ఎటు తిప్పాలో తెలిసేది కాదు. వచ్చిన రోజు మిస్త్రీ తన పాత పత్రిక ఒకటి నా చేతిలో పెట్టాడు. దాని మీద ఆకాశంలో ఎగిరే విమానం బొమ్మ ఉంది. నాకు అంతవరకు ఎవరూ ఏదీ అట్లా చేతిలో పెట్టలేదు. ఆయన నడిచిన దారి దుమ్ము కూడా కళ్లకద్దుకునేదాన్ని, సిగ్గు లేకుండా చెబుతున్నాను.

గిర్ని మొదలయింది. కొబ్బరికాయ కొట్టారు, ఇంజన్ చక్రానికి పసుపు పూశారు. డబడబమని ఊరు దద్దరిల్లింది. పన్నెండుగురం దినమంతా దంచే వడ్లు మేము అంబలి తాగి వచ్చేలోగా బియ్యమై రాశిపడ్డాయి. ఆ సాయంత్రం గుమాస్తా వచ్చి ముగ్గురి పేర్లు పిలిచాడు. నా పేరు, బాలవ్వ పేరు, ఇంకొక ఆమె పేరు. వయసులో ఉన్నవాళ్లం. మిగతా తొమ్మిది మందిని రేపటినుంచి రావద్దన్నాడు.

నేను ఇంజన్ కొట్టంలోకి పరుగెత్తాను. మిస్త్రీ గుడ్డముక్కతో ఇత్తడి గొట్టం తుడుస్తున్నాడు.

"పన్నెండు మందికి అన్నవు గద అన్నా? సేటు నీకు చెప్పిండు గద?"

ఆయన తుడవడం ఆపలేదు. "సేటును నేను అడగలేదు లస్మీ."

"అడగలేదా?"

"అడిగేదేముంది? మిషను వస్తె పని పెరుగుతది. గది లెక్క. ఇయ్యాల ముగ్గురు, రేపు ముప్పై మంది అయితరు. జర ఓపిక పట్టాలె."

ఆయన అబద్ధమాడుతున్నట్టు లేదు. అదే నన్ను భయపెట్టింది. తాను అనుకున్నదాన్నే ఆయన మాకు మాట కింద ఇచ్చాడు. దాన్ని తీసుకొని నేను పూచీ పడ్డాను.

నేను పని మానేస్తానని అంటే మా అత్త వద్దంది. "నువ్వు మానితే నీ జాగల ఇంకొకతి వస్తది. మాకేమొస్తది?" అంది. కాని గిర్ని నుంచి నేను తెచ్చిన నూకలు మాత్రం ముట్టలేదు. అరవై ఏళ్ల మనిషి వరి కోతలకు, కలుపులకు పోయింది. రాజంపేట దాకా కూడా పోయేది. ఆమె తెచ్చిన గింజలు ఆమె వండుకునేది, నేను తెచ్చినవి నేను. ఒకే పొయ్యి, రెండు కుండలు. మిగిలిన ఎనిమిది మందిలో కొందరు బీర్కూర్ దిక్కు పోయారు, కొందరు దొర ఇంట్లో వెట్టికి చేరారు. బావి దగ్గర నన్ను చూస్తే బిందె పక్కకు జరుపుకునేవారు.

రెండో ఏడు, యుద్ధం మొదలైందని రేడియోలో చెబుతున్న రోజుల్లో, బాలవ్వ చెయ్యి పోయింది. ఇంజన్ నుంచి గిర్ని దాకా పట్టా నడుము ఎత్తున తిరుగుతూ ఉండేది. దాని కింది నుంచి వంగి అటు పోయి తవుడు గంప ఎత్తుకొని రావాలి. వేరే దారి లేదు. ఆ పట్టాకు అడ్డంగా కర్రల కంచె వేయాలని మిస్త్రీ సేటుకు ఎన్నోసార్లు చెప్పాడు, అది నేను నా చెవులారా విన్నాను. కోతలు అయినంక చూద్దామని సేటు అన్నాడు. మిస్త్రీ సరేనని ఇంజన్ నడుపుతూనే వచ్చాడు. పట్టపగలు, అందరం చూస్తుండగా, వంగి వస్తున్న బాలవ్వ కొంగు పట్టాకు చుట్టుకుంది. కొంగును వదిలించుకోబోయి కుడి చెయ్యి పెట్టింది. మిస్త్రీ ఉరికి ఇంజన్ ఆపేసరికి మోచేతి దాకా నలిగిపోయింది. బండిలో వేసి మెదక్ దవాఖానకు తీసుకుపోతే అక్కడి డాక్టరమ్మ ప్రాణం నిలబెట్టింది. చెయ్యి తీసేసింది.

నాలుగో రోజు పోలీసు అమీను వచ్చాడు. పంచనామా ఉర్దూలో రాసుకున్నాడు. చూసినవాళ్లు ఇద్దరు కావాలన్నాడు. మిస్త్రీ చెప్పింది రాసుకొని కాగితం ఆయన ముందు పెట్టాడు. ఆయన ఉర్దూలో దస్కతు చేశాడు. తర్వాత నా ముందుకు జరిపి, నల్లటి సిరా అద్దిన గుడ్డ చూపించాడు, వేలు పెట్టమని.

"అమీన్ సాబ్, గామెకు రాసుడు వచ్చు," అన్నాడు మిస్త్రీ. ఆ మాటలో గర్వం ఉంది.

నేను మిస్త్రీని అడిగాను. "ఏం రాసిండ్రు అన్నా?"

"జరిగింది జరిగినట్టు రాసిండ్రు. పెట్టు."

కలం పట్టుకున్నాను. అంతకు ముందు నేల మీద పుల్లతో, గోడ మీద బొగ్గుతో తప్ప నా పేరు ఎక్కడా రాయలేదు. కాగితం మీద రాయడం అదే మొదలు. 'మ' తోక సరిగ్గా వచ్చిందా లేదా అని చూసుకున్నాను. అంత దుఃఖంలోనూ, దేవుడు నన్ను క్షమించనీ, కొంచెం సంతోషం కూడా కలిగింది.

బాలవ్వ దవాఖాన నుంచి వచ్చాక, సేటు ఆదుకునేట్టు చూడమని వాళ్ల అవ్వ తహసీలు కచేరీలో అర్జీ పెట్టుకుంది. తోడుగా నేనూ పోయాను. కచేరీ గుమాస్తా ఆ పంచనామా తీసి ఉర్దూలో చదివి, మాకు తెలుగులో చెప్పాడు. పట్టా దగ్గరికి పోవద్దని మిస్త్రీ పలుమార్లు హెచ్చరించినా వినక, పరాచికాలాడుతూ, నిర్లక్ష్యంగా కిందినుంచి దూరినందువల్ల బాలవ్వకు దెబ్బ తగిలింది, యజమాని తప్పు గాని మిషను తప్పు గాని ఏమీ లేదు. చూసినవాళ్లు ఇద్దరు, ఇవి వాళ్ల సంతకాలు. కాగితం మా దిక్కు తిప్పి చూపించాడు. అన్నీ పురుగుల్లాంటి ఉర్దూ రాతలు. అడుగున ఒక్క తెలుగు మాట. గుండ్రంగా, పెద్దగా, తోక సరిగ్గా తిరిగిన నా పేరు.

బాలవ్వ అవ్వ నన్ను తిట్టింది. తిట్టాల్సినవే తిట్టింది. బాలవ్వ మాత్రం బయటికి వచ్చాక గోడకు ఆనుకొని నిలబడి, కోపం లేకుండా అంది: "నువ్వు సదువుకున్నవు గదనే లస్మీ. సదివే పెట్టినవనుకున్న."

ఆనాటినుంచి ఈనాటి దాకా నన్ను ఎన్నో మాటలన్నారు. ఆ ఒక్క మాట ముందు అవేవీ నిలబడవు.

తిన్నగా గిర్నికి పోయాను. ఇంజన్ మోగుతోంది. అరిచి అడగాల్సి వచ్చింది. "గట్ల ఎందుకు రాయించినవ్?"

ఆయన ఇంజన్ ఆపాడు. నాకోసం దాన్ని ఆపింది ఆ ఒక్కసారే.

"మిషను మీద తప్పు రాస్తె ఏమైతదో ఎరికేనా? గిర్ని మూస్తరు. ఈ తాలూకాల ఇంకో మిషను రానియ్యరు. జనం బెదిరిపోతరు. ముప్పై ఏండ్లు ఎన్కకు పోతం లస్మీ. ఒక్క చెయ్యికి గన్ని చేతులు..."

ఆయన కళ్లలో నీళ్లున్నాయి. సేటు ఆయనకు ఏదో ముట్టజెప్పాడని ఊళ్లో అన్నారు. నేను నమ్మలేదు, ఇప్పుడూ నమ్మను. నమ్మగలిగితే నాకు సుఖంగా ఉండేది. డబ్బుకోసం అబద్ధమాడిన మనిషిని మరిచిపోవచ్చు. ఆయన ఇంకా పుట్టని మనుషుల కోసం ఆడాడు. ఎదురుగా ఉన్న బాలవ్వ ఆయనకు కనపడలేదు. నేను తిరిగి చూసేదాన్నే, మా వెనక నిజంగా ఎవరైనా వస్తున్నారా అని. ఆనాడు చూడలేదు.

నేను గిర్ని మానేశాను. మా అత్త ఆ రాత్రి ఒకే కుండలో ఇద్దరికీ వండింది. తర్వాతి చలికాలంలో పోయింది.

యుద్ధం ముదిరాక ఇంజన్ నూనె దొరకడం మానేసింది. గిర్ని ఆగిపోయింది. ఇది మిస్త్రీ ఎన్నడూ చెప్పని రేపు. సేటు మళ్లీ దంచేవాళ్ల కోసం మనిషిని పంపాడు. వెళ్లినవాళ్లు ఉన్నారు, ఆకలికి రోషం ఉండదు. అయితే ముందు ఇచ్చిన నూకల్లో సగమే ఇచ్చారు. నూనె వస్తే మీతో పనిలేదని ముందే చెప్పి మరీ పెట్టుకున్నారు. మిస్త్రీని పొమ్మన్నారు.

ఆ ఏడే నేను బతుకుదెరువుకు కామారెడ్డి చేరాను. ఒక ఉర్దూ పంతులు ఇంట్లో వంటపాత్రలు తోమే పని దొరికింది. ఒకనాడు స్టేషన్ దగ్గర రేకు పెట్టె మీద కూర్చున్న మిస్త్రీ కనపడ్డాడు. ఎక్కడో బొంబాయి దిక్కు పనికి పోతున్నాడట. సగం గడ్డం తెల్లబడింది. నన్ను చూసి లేచి నిలబడ్డాడు.

"లడాయి అయిపోనీ లస్మీ. కరెంటు వస్తది. అప్పుడు పట్టా గిట్ట ఉండది. ప్రతి మిషనుకు దాని మోటరు దానికే. ఎవ్వరి చెయ్యి పోదు."

"బాలవ్వను చూసినవా?" అని అడిగాను.

"లేదు," అన్నాడు. తల దించుకున్నాడు. బండి వచ్చింది. పెట్టె ఎత్తుకొని ఎక్కాడు. కిటికీలోంచి నా దిక్కు చూశాడు, నా వెనక్కి కాదు. చేయి ఎత్తాడు. నేను ఎత్తలేదు. ఆ తర్వాత బతికాడో చచ్చాడో తెలియదు.

ఆ పంతులు భార్యను బతిమాలి ఉర్దూ నేర్చుకున్నాను. పాత్రలు తోమిన బూడిదలోనే అలిఫ్, బే రాసుకున్నాను. ఐదారేళ్లు పట్టింది. కాగితం తడుముకోకుండా చదవడం వచ్చిందో లేదో, ఉర్దూలో నడిచే ఆ రాజ్యమే పోయింది. కచేరీల్లో కాగితాలు మెల్లమెల్లగా వేరే భాషలకు మారిపోయాయి. నా చదువు రెండోసారి కూడా నన్ను ఎక్కడా కాపాడలేదు. మిస్త్రీ చెప్పినవి మాత్రం ఒక్కొక్కటే వస్తూ ఉన్నాయి. దీపం వచ్చింది, ట్రాక్టరు వచ్చింది, మోటారు వచ్చింది. మోటారున్న గిర్నిలో కూడా పట్టా ఉంది. దానికి కంచె లేదు.

బాలవ్వ పోయి పన్నెండేళ్లు. చివరిదాకా ఎడమ చేత్తో చేట పట్టి, కడుపుకు ఆనించుకొని చెరిగేది. నేను ఎల్లారెడ్డి పోయినప్పుడల్లా నాకు చాయ పెట్టేది. క్షమించానని అనలేదు, నేనూ అడగలేదు.

నాకు పింఛను కాగితాలు వస్తాయి, ఇంటి పన్ను కాగితాలు వస్తాయి. పక్కింటివాళ్లు వాళ్లవీ తెస్తారు, ఆఫీసుకు తోడు రమ్మని. ఆఫీసు పిల్లవాడు వేలు పెట్టే చోటు చూపించి తొందరపడతాడు. నా కళ్లకు ఇప్పుడు అక్షరాలు ఆనవు, ముందు మొత్తం చదువు అంటాను. "ఏం లేదమ్మా, ఊరికే," అంటాడు. "ఊరికే అయితే సదువనీకె ఏం కష్టం బిడ్డా?" అంటాను. వరుసలో వెనక నిలబడ్డవాళ్లు గొణుగుతారు, ముసల్దానికి చాదస్తమంటారు. నేను కదలను. మొదటి అక్షరం నుంచి చివరి అక్షరం దాకా వాడు చదివేదాకా కలం ముట్టను.